పదో తరగతి పాపకి హాజరు తక్కువైంది, ఇప్పుడు బడికే వెళ్ళనంటోంది: ఏం చేయాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చీపురుపల్లి దగ్గర పల్లెలో మీ అన్నయ్యగారి అమ్మాయి, జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి. ఆగస్టులో టైఫాయిడ్ వచ్చి 16 రోజులు పోయాయి. అక్టోబరులో నాన్నమ్మ పోయారు, పెద్దకర్మ అయ్యేదాకా 12 రోజులు ఇంట్లోనే ఉంచారు. ఆ తర్వాత ఇంకో 13 రోజులు వెళ్ళలేదు. దానికి మాత్రం మీరు కారణం రాయలేదు. మొత్తం 41 రోజులు. బడిలో ఎవరో "75 శాతం లేకపోతే హాల్ టికెట్ రాదు" అన్నారు. అన్నయ్య చెన్నైలో పనిలో ఉన్నారు, వదినకి చదువు రాదు, మీరేమో విశాఖలో. పాప పొద్దున్నే లేచి, జడలు వేసుకుని, యూనిఫాం తొడుక్కుని, తీరా బయల్దేరే వేళకి కడుపు నొప్పి అంటోందట. పరీక్ష రాయనిస్తారా లేదా అని మీ టెన్షన్.

పోయినావిడ మీకు అమ్మ. ఆ బాధలో ఉండి కూడా మేనకోడలి చదువు కోసం ఇంత వివరంగా రాశారు. అందుకే నేనూ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు జవాబు చెప్తాను. పాప ఇప్పటి నుంచి బడికి వెళ్తే పరీక్ష రాయగలదు. ఆ లెక్క కింద వేసి చూపిస్తాను. కానీ అమ్మా, 33 ఏళ్ళు శ్రీకాకుళం, విజయనగరం బళ్ళలో జీవశాస్త్రం చెప్పి, అందులో చివరి తొమ్మిదేళ్ళు హెచ్‌ఎంగా (ప్రధానోపాధ్యాయురాలిగా) చేసి రిటైరైనదాన్ని. నాకు మీ ఉత్తరంలో భయం పుట్టించినది ఆ 75 కాదు, కారణం రాయని ఆ 13 రోజులు.

టైఫాయిడ్ 16 రోజులకీ కారణం ఉంది, నాన్నమ్మ 12 రోజులకీ కారణం ఉంది. ఆ 13 రోజులకి బయటికి చెప్పే కారణం లేదు. ఒంట్లో బాగానే ఉంది, ఇంట్లో కర్మలు అయిపోయాయి, అయినా అడుగు బయటపడటం లేదు. ఇది బద్ధకం కాదు. చాలా రోజులు బడికి దూరమైన పిల్లలకి తిరిగి ఆ గేటు దాటడం ఎంత కష్టమో పెద్దవాళ్ళం ఊహించలేం. "ఇన్నాళ్ళూ ఏమైపోయావ్?" అని ఒకరు అడుగుతారు. లెక్కల్లో రెండు పాఠాలు అయిపోయి ఉంటాయి. పక్కన కూర్చునే స్నేహితురాలు ఇంకెవరితోనో కూర్చుంటూ ఉంటుంది. ఒకరోజు ఆగితే ధైర్యం వస్తుందనుకుంటారు. మర్నాటికి ఆ ఆగినరోజు కూడా తోడై ఇంకా భారమవుతుంది. మూడు రోజులు రాని పిల్ల తనంతట తనే వచ్చేస్తుంది. పది పన్నెండు రోజులు దాటితే ఎవరో ఒకరు వెంట ఉండి తీసుకురావాలి. నా అనుభవంలో చదువు మానేసిన పిల్లల్లో చాలామంది మానేద్దామని అనుకుని మానలేదు. తిరిగి రావడానికి మొహం చెల్లక అలా ఉండిపోయారు.

నాకు ఈ సంగతి ఒక పిల్లాడి దగ్గర తెలిసింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు నేను ఉద్దానంలో ఒక హైస్కూల్లో ఉన్నాను. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. తరాలుగా తోట మీద బతికిన ఇళ్ళు ఒక్క రాత్రిలో కూలి పనికి దిగాయి. పడిపోయిన చెట్లు కోసి, మోసి, ఇంటి కప్పులు బాగుచేసుకునే పనిలో పెద్దపిల్లలు కూడా కలిశారు. బడి తెరిచాక ఒక్కొక్కరే వచ్చారు. తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు మాత్రం రాలేదు. ఒకరోజు మా బడి ఆయా వచ్చి, "మేడమ్, ఆ గుంటడు మూడు రోజుల్నుంచి రోడ్డుకి అవతల నిలబడి, పేయరు అయ్యాక ఎలిపోతన్నాడు" అంది. వెళ్ళి పిలిచాను. తల ఎత్తలేదు. చాలాసేపటికి, "అందరి ముందూ నిలబెడతారు కదా మేడమ్" అన్నాడు.

నిజమే. చాలా రోజులు రాని పిల్లల్ని ప్రేయర్‌లో ముందుకి పిలిచి కారణం చెప్పించే పద్ధతి మా బడిలో ఉండేది. అది నేను పెట్టిందే. క్రమశిక్షణ అనుకుని పెట్టాను. తోట పోయిన ఇంటి పిల్లాడు నాలుగు వందల మంది ముందు నిలబడి "మా చెట్లు పడిపోయాయి" అని చెప్పాలా? ఆ రోజే ఆ పద్ధతి తీసేశాను. అప్పటినుంచి ఎక్కువ రోజుల తర్వాత వచ్చే పిల్లలు ప్రేయర్‌కి ముందే నా గదికి రావాలి, కారణం నాకొక్కదానికే చెప్పాలి, ఆ తర్వాత ఒక స్నేహితుడి వెంట నేరుగా తరగతికి వెళ్ళాలి. మొదటి రోజు ఏ టీచరూ వాళ్ళని ప్రశ్న అడగకూడదు. ఇంతే చేశాం. ఆ ఏడు మా బడిలో తుపాను కారణంగా దూరమైన పిల్లలందరూ తిరిగి వచ్చారు. ఆ అబ్బాయి కూడా.

అందుకని మీరు చేయవలసిన మొదటి పని హెచ్‌ఎం గారికి ఫోన్ చేయడం. పాపని తిట్టడమో, బతిమాలడమో కాదు. మీరే చేయండి. వదినకి చదువు రాదన్న బెరుకు ఉంటుంది, బడిలో మాట్లాడాలంటే వెనకాడతారు. "మా మేనకోడలు సోమవారం వస్తుంది, సిగ్గుపడుతోంది, ప్రేయర్ కంటే ముందే మీ దగ్గరికి తీసుకొస్తాం, అందరి ముందూ అడగకుండా చూడండి" అని చెప్పండి. ఇలా చెప్తే కాదనే హెచ్‌ఎంని నేను చూడలేదు. మీకు ఒక్కరోజు వీలైతే విశాఖ నుంచి పొద్దున రైలుకి వచ్చి మీరే వెంట వెళ్ళండి. వదినని కూడా తప్పకుండా తీసుకెళ్ళండి. ఆవిడ ఒక్కసారి ఆ గదిలో కూర్చుని టీచర్లతో మాట్లాడితే, ఆ తర్వాత ఏదైనా అవసరం వచ్చినప్పుడు తనంతట తానే వెళ్తారు.

ఇక లెక్కకి వద్దాం.

రెగ్యులర్ విద్యార్థిగా పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు ఉండాలన్నది నిజం. కానీ ఆ శాతం సంవత్సరం మొత్తం మీద చూస్తారు, నవంబరు నాటికి ఎంత ఉందని కాదు. ఇప్పటిదాకా 123 పనిరోజులు జరిగాయనుకుందాం. పాప 41 రోజులు లేదు కాబట్టి 82 రోజులు ఉంది. అంటే సుమారు 66.7 శాతం. ఇది చూసే బడిలో ఆ మాట అన్నారు. ఇప్పుడు ముందుకి చూడండి. పదో తరగతి పరీక్షలు మార్చిలో ఉంటాయి కాబట్టి మిగతా తరగతుల్లాగా ఏప్రిల్ దాకా లెక్క వేయకూడదు. ఇంకా 67 పనిరోజులు ఉన్నాయనుకుంటే మొత్తం 190. పాప ఆ 67 రోజులూ వెళ్తే 149 రోజులు అవుతాయి, అది 78.4 శాతం. ఆరు రోజులు మానినా 143, అంటే 75.3. ఏడో రోజు మానితే 142, అది 74.7కి పడిపోతుంది. కాబట్టి పాప చేతిలో ఉన్నవి ఆరు రోజులు. సంక్రాంతికి బడి సెలవులు ఎలాగూ ఉంటాయి, వాటికి ముందో వెనకో ఇంకో రెండు రోజులు కలుపుకునే అలవాటు మాత్రం ఈ ఏడు వద్దు.

ఈ అంకెలు నేను ఊహించి వేసినవి. అసలు అంకెలు క్లాస్ టీచరు దగ్గర హాజరు పట్టీలో ఉంటాయి. జరిగిన పనిరోజులు ఎన్ని, పాప వచ్చినవి ఎన్ని, ఈ రెండూ అడిగి కాగితం మీద రాయించుకోండి. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. హాజరు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వేస్తారు. అన్నం తిన్నాక ఇంటికి వచ్చేస్తే సగం రోజే లెక్కలోకి వస్తుంది. పిల్లలకి ఇది తెలియదు. "రోజూ వెళ్ళాను కదా" అంటారు, తీరా చూస్తే మధ్యాహ్నాలు పోయి ఉంటాయి. టైఫాయిడ్ తర్వాత నీరసంగా ఉండి పాప అలా వచ్చేసిన రోజులు ఉన్నాయేమో కూడా అడగండి. ఒకవేళ ఉంటే పైన నేను వేసిన ఆరు రోజులు ఇంకా తగ్గుతాయి.

అన్నీ సరిగ్గా చేసినా ఒకటి రెండు శాతం తగ్గితే? అనారోగ్యం లాంటి సరైన కారణం ఉన్నప్పుడు కొరతకి మినహాయింపు అడిగే దారి ఉంది. అది హెచ్‌ఎం ద్వారా, ఆధారాలతో, నిర్ణీత రుసుముతో వెళ్ళాలి. అందుకే టైఫాయిడ్ నాటి ఆసుపత్రి చీటీలు, రక్తపరీక్ష కాగితం, మందుల బిల్లులు ఉంటే ఇప్పుడే వెతికి ఒక కవరులో పెట్టమని వదినకి చెప్పండి. గోడకి వేలాడే సంచుల్లో, బియ్యం డబ్బా మీద, మంచం కింద వెతికితే మన ఇళ్ళల్లో అవి దొరుకుతాయి. దొరక్కపోతే వైద్యం చేసిన ఆసుపత్రికే వెళ్ళి అడగండి. డబ్బిచ్చి దొంగ సర్టిఫికెట్ మాత్రం తేవద్దు. నిజంగా జబ్బు పడిన పాపకి అబద్ధపు కాగితం ఎందుకు?

ఇంకొకటి కూడా వద్దు. మీరు అడగరని తెలుసు, కానీ ఊళ్ళో ఎవరైనా సలహా ఇస్తారు: "సార్‌ని అడిగి హాజరు వేయించేయండి" అని. నా గదికి అలా వచ్చిన తండ్రులు ఎంతోమంది. పిల్లకి మేలు చేస్తున్నాననే వాళ్ళు నమ్మేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. రాని పిల్లకి "వచ్చింది" అని రాస్తే ఆ పిల్ల రాలేదన్న సంగతే ఎవరికీ కనపడదు. క్లాస్ టీచరు అడగరు, హెచ్‌ఎంకి తెలియదు, సచివాలయంలో సంక్షేమ విద్యా సహాయకులు ఇంటికి రారు. పట్టీలో ఎర్ర సిరా గుర్తు పడితేనే ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తడతారు. ఇప్పుడైతే రోజూ హాజరు యాప్‌లో ఎక్కుతుంది, మధ్యాహ్న భోజనం లెక్క కూడా దానికి సరిపోవాలి, కాబట్టి అలాంటివి కుదరవు కూడా.

హాజరు నిబంధన గురించి మన పల్లెల్లో ఒక పెద్ద గందరగోళం ఉంది. మీ వదినగారికీ అదే ఉండొచ్చు, కాస్త వివరంగా చెప్తాను. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి వర్తిస్తుంది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ బడిలోంచి తీసేయడానికి వీల్లేదు. రాకపోతే వెతికి తీసుకురావలసిన బాధ్యత బడిది, ప్రభుత్వానిది. కాబట్టి ఆరులో, ఏడులో పిల్ల నెల రోజులు రాకపోయినా మేమే ఇంటికి వెళ్ళేవాళ్ళం, పేరు పట్టీలోనే ఉండేది, పిల్ల పై తరగతికి వెళ్ళేది. ఇంట్లోవాళ్ళకి "హాజరు వల్ల ఏమీ కాదు" అనిపించేది. తొమ్మిదికి వచ్చేసరికి ఆ నీడ తొలగిపోతుంది. పదిలో బోర్డు నిబంధన ఎదురుగా నిలబడుతుంది. ఎనిమిదేళ్ళు ఒక పద్ధతికి అలవాటైన ఇంటికి తొమ్మిదో ఏట పద్ధతి మారిందని ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు జూన్ 12న బడి తెరిచిన మొదటి వారంలోనే తొమ్మిదో తరగతి తల్లిదండ్రుల్ని పిలిచి ఈ ఒక్క సంగతే చెప్పేదాన్ని. పెద్ద మీటింగుల్లో అయితే ఇది మిగతా మాటల్లో కొట్టుకుపోతుంది.

ఇంకో 75 కూడా ఉంది, అది డబ్బుది. బడికి వెళ్ళే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం సాయానికి కూడా 75 శాతం హాజరు నిబంధన ఉంది. ఇంతకుముందు అమ్మ ఒడిలోనూ ఉండేది. 2022 జూన్ 27న శ్రీకాకుళంలో ఆ ఏటి డబ్బు విడుదల చేశారు. హాజరు తక్కువై జాబితాలో పేరు రాని తల్లులు ఆ వారం నా గదికి వచ్చి ఏడ్చారు. కూలికి పోయే తల్లికి ఆ డబ్బు ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ ఆ తల్లుల్లో ఎక్కువమందికి వరి కోతల్లో పిల్లని ఇంట్లో ఉంచుకున్నప్పుడు ఈ నిబంధన గుర్తులేదు. వదినకి ఇది కూడా చెప్పండి. బెదిరించినట్టు కాకుండా, తెలియాల్సిన సంగతిగా చెప్పండి.

కోతల మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. కారణం రాయని ఆ 13 రోజుల్లో కొన్ని నవంబరులోవి కదా. చీపురుపల్లి వైపు అప్పుడు వరి కోతలు. అన్నయ్య ఊళ్ళో లేరు, అత్తగారు పోయారు, వదిన ఒక్కరే. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉండి ఆవుకి గడ్డి వేసి, చిన్నపిల్లాడికి అన్నం పెట్టినావిడ మీ అమ్మగారే అయితే, ఆ పని ఇప్పుడు ఎవరి మీద పడింది? పాప మీదే పడి ఉంటుంది. ఇది వదిన తప్పు కాదు, ఆ ఇంట్లో రెండు చేతులు తగ్గాయి. మొదట సిగ్గుతో ఆగిన పిల్లకి, ఇంట్లో ఉంటే అమ్మకి సాయంగా ఉందనే మాట కూడా తోడైతే, ఇక బడికి వెళ్ళడానికి దారే ఉండదు. గోగు ఊరబెట్టి నార తీసే రోజుల్లో, ఉడుపుల్లో, జీడి ఏరే రోజుల్లో మన రెండు జిల్లాల్లోనూ ఇదే జరుగుతుంది. మొదట వారం రోజుల పని అంటారు. తర్వాత చూస్తే ఆడపిల్ల చదువు ఆగిపోయి ఉంటుంది. కాబట్టి పాపని బడికి పంపమని చెప్పే ముందు, పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆ చిన్నపిల్లాడిని, ఆవుని ఎవరు చూస్తారో మీరూ వదినా కూర్చుని తేల్చండి. పక్కింటి పెద్దమ్మో, ఊళ్ళో మీ వాళ్ళో ఒప్పుకుంటారు. అన్నయ్యతో కూడా ఫోన్‌లో గట్టిగా మాట్లాడండి. మార్చి దాకా పంపే డబ్బుకి ఇంకో ఐదు వందలు కలిపి, ఆ సాయం చేసేవాళ్ళకి ఇవ్వమనండి.

ఇంటి పని చేయకూడదని నేను అనను. మా పిల్లలూ చేశారు. బడి అయ్యాక, సెలవుల్లో ఇంట్లోవాళ్ళకి సాయం చేయడం చట్టానికి కూడా తప్పు కాదు. బడి వేళల్లో మాత్రం బడిలోనే ఉండాలి.

ఇంకొకటి, ఆడవాళ్ళం కాబట్టి నేరుగా అడుగుతాను. నెలసరి రోజుల్లో పాప బడికి వెళ్తోందా? నెలకి రెండు రోజులు మానితే పది నెలల్లో 20 రోజులు. అదొక్కటే సుమారు పది శాతం తినేస్తుంది. చాలామంది పిల్లలు బాత్రూంలో నీళ్ళు లేవనో, మరక పడుతుందనో మానేస్తారు, కారణం ఎవరికీ చెప్పరు, పట్టీలో "రాలేదు" అని మాత్రం ఉంటుంది. బడిలో ఏ టీచరమ్మతో చెప్పవచ్చో పాపకి తెలియాలి. బాత్రూంలో నీళ్ళు లేకపోతే పాఠశాల యాజమాన్య కమిటీలో అడిగే హక్కు వదినకి ఉంది. విపరీతమైన నొప్పి, ఎక్కువ రక్తస్రావం ఉంటే ఓర్చుకోమనకండి, డాక్టరుకి చూపించండి. టైఫాయిడ్ నుంచి లేచిన పిల్ల కదా, రక్తం తక్కువగా ఉందేమో కూడా ఒకసారి పరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్ర పారేయకుండా అన్నం తిన్నాక వేసుకోమనండి.

ఇప్పటిదాకా పెద్దవాళ్ళు చేయవలసినవి చెప్పాను. పాప చేయవలసినవీ ఉన్నాయి. 15 ఏళ్ళ పిల్ల తన బాధ్యత తాను తీసుకోగలదు, తీసుకోవాలి కూడా.

మొదటిది ఉత్తరం. ఇన్నాళ్ళూ సెలవు చీటీ ఎవరు రాశారో తెలియదు. ఇప్పుడు మాత్రం పాపే రాయాలి, వదిన వేలిముద్రో సంతకమో పెట్టాలి. "నాకు జ్వరం వచ్చినందున" అనే పాత చీటీ వద్దు. నేను మా పిల్లల చేత ఇలా రాయించేదాన్ని:

"ప్రధానోపాధ్యాయుల వారికి నమస్కారం. నేను పదో తరగతి విద్యార్థినిని. ఆగస్టులో టైఫాయిడ్ వల్ల 16 రోజులు, అక్టోబరులో మా నాన్నమ్మ చనిపోయినందువల్ల 12 రోజులు బడికి రాలేదు. ఆ తర్వాత 13 రోజులు పాఠాలు అర్థం కావేమోనన్న భయంతో, ఇంట్లో పని వల్ల రాలేకపోయాను. ఆసుపత్రి కాగితాలు జతచేశాను. ఈ రోజు నుంచి రోజూ వస్తాను. ఇకమీదట రాలేని రోజు వస్తే ముందుగానే మా క్లాస్ టీచరుకి చెప్తాను. నేను పోగొట్టుకున్న పాఠాలు నేర్చుకోవడానికి సాయం చేయవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో నాకు అన్నింటికంటే ముఖ్యమైనది నాలుగో వాక్యం. భయం వేసిందని కాగితం మీద రాసిన పిల్లకి మర్నాడు కడుపు నొప్పి రావడం తగ్గుతుంది. ఇది నేను కళ్ళారా చూశాను. రాయడానికి పాప ఇబ్బంది పడితే బలవంతం చేయకండి, హెచ్‌ఎం గదిలో నోటితో చెప్పినా చాలు.

రెండోది, ముందే చెప్పడం. "రేపు రాలేను" అని ముందురోజు చెప్పిన పిల్లనీ, వారం తర్వాత వచ్చి "జ్వరం" అన్న పిల్లనీ ఏ టీచరూ ఒకేలా చూడరు. ఇంట్లో ఫోన్ ఉంది కదా, క్లాస్ టీచరు నంబరు వదిన ఫోన్‌లో ఎక్కించండి. రాలేని పొద్దున 9 లోపల ఒక మాట చెప్తే చాలు.

మూడోది, పోయిన పాఠాలు. ఇక్కడ పిల్లలందరూ చేసే తప్పు ఒకటుంది. స్నేహితురాలి నోట్సు తెచ్చుకుని 41 రోజుల రాత పనంతా రాత్రిళ్ళు కూర్చుని ఎక్కిస్తారు. చేయి నొప్పి తప్ప తలకి ఒక్క ముక్క ఎక్కదు, పైగా తెల్లారి నిద్రమొహంతో బడికి వెళ్తారు. ఆ పని వద్దు. నోట్సు ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే చాలు. పాప చేయవలసిందల్లా ప్రతి సబ్జెక్టులో తను లేనప్పుడు అయిపోయిన పాఠాల పేర్లు ఒక కాగితం మీద రాసుకోవడం. తర్వాత ఆ సబ్జెక్టు టీచరు దగ్గరికి వెళ్ళి, "వీటిలో ఏది రాకపోతే ముందు పాఠాలు అర్థం కావు?" అని అడగడం. టీచరు రెండో మూడో గుర్తుపెడతారు. ముందు అవి. మిగతావి పునశ్చరణలో అందరితోపాటు వస్తాయి. చాలా బళ్ళలో డిసెంబరు కల్లా సిలబస్ ముగించి, ఆ తర్వాత పునశ్చరణ, స్లిప్ టెస్టులు పెడతారు. పాప సరిగ్గా ఆ సమయానికి తిరిగి వస్తోంది కాబట్టి ఇది అనుకున్నంత నష్టం కాదు.

లెక్కలు మాత్రం వేరు. అందులో ఒకదాని మీద ఒకటి కట్టి ఉంటాయి. సాయంత్రం స్టడీ అవర్ ఉంటే ఆ గంటలో లెక్కల టీచరు దగ్గరే కూర్చోమనండి. సాంఘికం, తెలుగు ఇంట్లో చదువుకోగలదు. పాఠ్యపుస్తకాల్లో ఉండే క్యూఆర్ కోడ్ ఫోన్‌తో స్కాన్ చేస్తే పాఠం వీడియోలు వస్తాయి, ఆదివారం మీరు వెళ్ళినప్పుడు ఎలా చూడాలో చూపించండి. ఒక్కొక్క సబ్జెక్టులో వందకి 35 వస్తే పాస్, హిందీకి 20 చాలు. మొదటి నెల పాప లక్ష్యం అదే అనుకోమనండి, పెద్ద మార్కుల మాట జనవరి తర్వాత చూద్దాం.

ఇంకో చిన్న పని, దీన్ని మరిచిపోతే హాజరు ఎంత ఉన్నా లాభం లేదు. పరీక్ష ఫీజు, నామినల్ రోల్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పని ఈ రోజుల్లోనే జరుగుతుంది. పాప లేని రోజుల్లో అది జరిగి ఉంటే ఫీజు కట్టారో లేదో, పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు సరిగ్గా పడ్డాయో లేదో సోమవారమే చూడండి. అక్కడ పడిన అక్షరం తప్పు రేపు మార్కుల జాబితాలోకి వస్తుంది.

బస్సు సంగతి మీరు రాయలేదు. ఊరి నుంచి బడి దూరమైతే, 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్ళకి టికెట్ లేదు కదా, పాప సంచిలో ఆధార్ కార్డు ఉండేలా చూడండి.

ఈ ఏడు ఎలాగూ కుదరదని ఇంట్లో ఎవరైనా అంటే, సార్వత్రిక పాఠశాల ద్వారా పదో తరగతి రాసే దారి ఉందని నేనే చెప్పగలను. ఎంతోమందికి ఆ దారి బతుకునిచ్చింది. కానీ మీ పాపకి దాని అవసరం లేదు, ఇప్పుడే దాని పేరు కూడా ఎత్తకండి. వేరే దారి ఉందని తెలిస్తే భయంలో ఉన్న పిల్ల దానివైపే చూస్తుంది.

సోమవారం ఎనిమిదిన్నరకల్లా బడి దగ్గర ఉండండి. పాప గేటు దగ్గర ఆగిపోతే తొందరపెట్టకుండా పక్కనే నిలబడండి, అయిదు నిమిషాలు పట్టినా ఫర్వాలేదు. మధ్యాహ్నం భోజనం దాకా ఉండగలిగితే చాలని ముందే చెప్పండి. మొదటి రోజు సగం పూట ఉన్నా నాకు సంతోషమే. ఆ మధ్యాహ్నం పోయినా లెక్క తప్పదు, పైన వేసుకున్న ఆరు రోజుల్లోంచి అర రోజు తగ్గుతుంది, అంతే.

హాజరు అంకెలు చేతికి వచ్చాక నాకు రాయండి, మళ్ళీ లెక్క వేస్తాను. పోయిన పాఠాల జాబితా కూడా పంపండి. జీవశాస్త్రం వరకూ ఏవి ముందు చదవాలో, ఏ బొమ్మలు గీసి నేర్చుకోవాలో నేను రాసి పంపుతాను.